నోట ఉన్న తెలుగు కంటికి రావాలంటే

మన క్లాసులో ఇద్దరు ముగ్గురు సొంతంగా ఫ్రెంచి నేర్చుకుంటున్నారు. ఒకరిది ఫోన్‌లో డ్యుయోలింగో, ఒకరిది యూట్యూబ్, ఇంకొకరిది సీనియర్ అక్క ఇచ్చిన పాత పుస్తకం. ఏది మంచిదని రోజూ వాదన. నన్నడిగితే ఏ సాధనం మంచిది అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది. నేర్చుకోబోయే భాషలో మన దగ్గర ఇప్పటికే ఏముంది, ఏం లేదు? లేనిదాన్ని ఇచ్చేదే మనకు పనికొచ్చే సాధనం.

ఈ సంగతి నాకు ఫ్రెంచి వల్ల కాదు, తెలుగు వల్ల తెలిసింది. నవ్వకండి. ఈ గోడ ముందు నిలబడి చదువుతున్న వాళ్ళలో నాలాంటి వాళ్ళు చాలామందే ఉంటారు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. తెలుగులో కొట్లాడగలం, బేరం ఆడగలం, జోకు వేయగలం. తెలుగు పేపరు చేతికిస్తే మాత్రం ఫోటోలు చూసి పక్కన పెట్టేస్తాం. ఈ వ్యాసం వాళ్ళ కోసం. ఫ్రెంచి నేర్చుకునే వాళ్ళకి కూడా ఇందులో ఎంతో కొంత పనికొస్తుంది.

మనం ఎక్కడ నిలబడి ఉన్నాం

సోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు 1877లో వచ్చింది. మిల్లు పనికి, మగ్గం పనికి నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపుల నుంచి పద్మశాలీలు తరలి వచ్చారు. మా దాజీ పేట్, పక్కన సాఖర్ పేట్, భద్రావతి పేట్, ఈ తూర్పు వాడలన్నీ అట్లా నిండినవే. వచ్చినవాళ్ళు మగ్గంతో పాటు మాటను కూడా తెచ్చుకున్నారు. మాట మిగిలింది. అక్షరం తరానికి కొంచెం కొంచెం జారిపోయింది. మా ఇంట్లో తాతయ్య తెలుగు చదివేవాడు. నాన్న మరాఠీ మీడియం. అమ్మ నాలుగో తరగతి దాకా మరాఠీ. నేను పన్నెండు దాకా మరాఠీ. తాతయ్య పోయాక ఇంట్లో తెలుగు చదివే కళ్ళు లేవు.

దాంతో ఏమైందంటే, మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో 23 ఉత్తరాలు మూగపోయాయి. అవన్నీ సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముడు రాసినవి. నాయనమ్మకు చదువు రాదు. వచ్చిన రోజు తాతయ్య చదివి వినిపించేవాడు, మళ్ళీ పెట్టెలోకి పోయేవి. ఇప్పుడు రాసిన ఆ తమ్ముడూ లేడు, చదివిన తాతయ్యా లేడు. ఆమెకి వాటిలో సగం గుర్తుంది, సగం లేదు. ఆమె వయసు 78. నేను తెలుగు చదవడం నేర్చుకోవాలనుకున్నది పరీక్ష కోసం కాదు, ఆ 23 కాగితాల కోసం. గమ్యం ఇంత చిన్నగా, ఇంత స్పష్టంగా ఉంటే సాధనాలు ఎంచుకోవడం సులువవుతుంది.

ఫ్రెంచివాళ్ళకున్నది, మనకున్నది

ఫ్రెంచి నేర్చుకునే అమ్మాయికి అక్షరాలు ముందే వచ్చు, ఇంగ్లీషువే కదా. ఆమెకు లేనిది శబ్దం. ఫ్రెంచిలో రాసిందంతా పలకరు. పారిస్ అని రాసి పరీ అంటారు. అందుకే చెవికి వినిపించని పుస్తకం ఒక్కటే పెట్టుకుని ఫ్రెంచి నేర్చుకోవడం కష్టం. ప్రతి మాటతో పాటు గొంతు ఉన్న సాధనం కావాలి. ఇంకో సౌకర్యం కూడా వాళ్ళకుంది. ఐరోపా మండలి 2001లో భాషలకి ఆరు మెట్లు కట్టి పుస్తకంగా వేసింది, ఎ1 నుంచి సి2 దాకా. ఫ్రెంచి పుస్తకాలు, పరీక్షలు ఆ మెట్ల మీదే నడుస్తాయి. తాను ఎక్కడుందో ఆమెకు ఎప్పుడూ తెలుస్తుంది.

మన సంగతి దీనికి తలకిందులు. శబ్దం, వ్యాకరణం, వేలకొద్దీ మాటలు మన నోట్లో ఉన్నాయి. లేనిది లిపి. డ్యుయోలింగోలో ఫ్రెంచి ఉంది, హిందీ ఉంది, తెలుగు నేర్పే కోర్సు లేదు. ఉన్నా మనకు అంతగా పనికొచ్చేది కాదు. “ఇది ఆపిల్, అతను అబ్బాయి” అని మొదలుపెట్టే పాఠం ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి విసుగు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లల్లో కూడా మనలాగే మాట్లాడడం వచ్చి చదవడం రానివాళ్ళు ఉంటారు. ఇలాంటివాళ్ళకి కొత్తగా నేర్చుకునేవాళ్ళ పుస్తకం సరిపోదు, ఊళ్ళో బడికెళ్ళే పిల్లల పుస్తకమూ సరిపోదు. మెట్లు మనమే కట్టుకోవాలి. నేను కట్టుకున్నవి నాలుగు. మొదటిది దుకాణాల బోర్డులు, పెళ్లిపత్రికలు. రెండోది చిన్నపిల్లల కథలు. మూడోది దినపత్రిక. నాలుగోది చేతిరాత.

మరాఠీ ఇచ్చే సాయం, పెట్టే చిక్కు

దేవనాగరి లిపి, తెలుగు లిపి రెండూ బ్రాహ్మి నుంచి వచ్చినవే. వరస ఒకటే: క ఖ గ ఘ, చ ఛ జ ఝ. గుణింతం ఆలోచన ఒకటే. కాబట్టి మనం నేర్చుకోవాల్సింది కొత్త పద్ధతి కాదు, పాత పద్ధతికి కొత్త బొమ్మలు. ళ మరాఠీలోనూ ఉంది. చ కి రెండు పలుకులు ఉండడం కూడా మనకు కొత్త కాదు. మరాఠీలో చహా అన్నప్పుడు ఒక చ, చాంగ్లా అన్నప్పుడు ఇంకో చ. తెలుగులో చెయ్యి అన్నప్పుడు ఒకటి, చలి అన్నప్పుడు ఇంకొకటి. రాతలో ఒకటే అక్షరం అయినా నోరు తనంతట తానే సర్దుకుంటుంది.

చిక్కులు నాలుగు చోట్ల వస్తాయి. ముందే తెలిస్తే చాలా టైము మిగులుతుంది.

ఒకటి, చివరి అకారం. మరాఠీలో రామ అని రాసి రామ్ అని చదువుతాం. తెలుగులో రాసిన అకారం పలకాల్సిందే. పొల్లు గుర్తు ఉంటే తప్ప ఏ అక్షరాన్నీ మింగకూడదు. మరాఠీ కన్ను తెలుగు మాటల చివర్లు కొరికేస్తూ ఉంటుంది. పైకి చదివితే ఇది పట్టుబడుతుంది, మనసులో చదివితే పట్టుబడదు.

రెండు, ఎ ఏ, ఒ ఓ. మరాఠీ రాతలో పొట్టి ఎ, పొడుగు ఏ అనే తేడా లేదు. తెలుగులో ఆ తేడాతో అర్థమే మారిపోతుంది. మెడ వేరు, మేడ వేరు. నెల వేరు, నేల వేరు. కొన వేరు, కోన వేరు. మనలో చాలామంది వాట్సాప్‌లో తెలుగును దేవనాగరిలో టైపు చేస్తాం కదా, అక్కడ ఈ జంటలన్నీ ఒకటైపోతాయి. ఇంట్లోవాళ్ళు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు కాబట్టి నడుస్తుంది. చదవడం నేర్చుకోవాలంటే మాత్రం ఈ జంటలతో ఒక పేజీ రాసి పెట్టుకోవాలి.

మూడు, వత్తులు. దేవనాగరిలో మొదటి హల్లు సగమవుతుంది. తెలుగులో మొదటిది నిండుగా ఉండి రెండోది కిందికి దిగుతుంది. పైది ముందు, కిందిది తర్వాత చదవాలి. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం వాటి అక్షరాల్లా ఉండవు. ఈ ఆరింటికే విడిగా కష్టపడితే సరిపోతుంది.

నాలుగు, తలకట్టు. దేవనాగరిలో పై గీత మాట పొడవునా సాగుతుంది. తెలుగులో ఏ అక్షరం తలకట్టు దానిదే. కి, కె, కొ రాసేటప్పుడు అది పోయి గుణింతం గుర్తు వస్తుంది. కు, కూ లో ఉంటుంది. ఇది అర్థమైతే గుణింతాలు బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

నా దగ్గర నిలిచిన సాధనాలు

*అట్ట ముక్కలు.* హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు 1885లో మరపు గురించి రాశాడు. నేర్చుకున్న కొత్తలో వేగంగా మరిచిపోతాం, తర్వాత నెమ్మదిగా మరిచిపోతాం అని ఆయన తన మీద తానే ప్రయోగం చేసి చూపించాడు. సెబాస్టియన్ లైట్నర్ అనే ఇంకో రచయిత 1972లో దీనికి ఒక పెట్టె పద్ధతి చెప్పాడు. పెట్టెలో ఐదు అరలు. కొత్త ముక్క మొదటి అరలో పడుతుంది, రోజూ చూడాలి. సరిగ్గా చెప్తే రెండో అరకు పోతుంది, దాన్ని రెండు మూడు రోజులకోసారి చూస్తే చాలు. అట్లా ముందుకు పోయేకొద్దీ ఎడం పెరుగుతుంది. తప్పితే మళ్ళీ మొదటి అర. మా ఇంట్లో చాదర్ ప్యాకింగ్ అట్టకి కొదవ లేదు కాబట్టి ఖర్చు సున్నా. ఫోన్‌లో కావాలంటే అంకి అనే యాప్ ఇదే పని చేస్తుంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. కానీ అక్షరాలు నేర్చుకునే దశలో చేత్తో రాసిన ముక్కే మేలు, రాస్తేనే చేతికి వంపు తెలుస్తుంది. వ ప ష స, డ ద ధ, ఘ మ య లాంటి ఒకేలా కనిపించే వాటిని ఒకే రోజు నేర్చుకోకండి, వారం ఎడంతో వేసుకోండి.

*జంట కథలు.* ఒకే కథ రెండు భాషల్లో దొరికితే నిఘంటువు అవసరం సగం తగ్గుతుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా ఉన్నాయి. చాలా కథలు తెలుగులోనూ మరాఠీలోనూ దొరుకుతాయి. ముందు తెలుగు చదవండి, ఆగిపోయిన చోటే మరాఠీ చూడండి. వరస తిప్పితే కన్ను మరాఠీకి అలవాటుపడి తెలుగు పేజీ మీద నిలబడదు. పాత పుస్తకాలు దొరికేవాళ్ళకి ఇంకో దారి ఉంది. 1947లో మొదలైన చందమామ మరాఠీలో చాందోబా పేరుతో వచ్చేది. మన అమ్మానాన్నలు చాందోబా చదివి ఉంటారు. అవే కథలు తెలుగులో చదివితే కథ తెలిసిన ధైర్యం కన్నుకి తోడవుతుంది.

*కీబోర్డు.* కంప్యూటర్ క్లాసులో మరాఠీ ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్ నేర్చుకున్నవాళ్ళు ఇది వినండి. ఇన్‌స్క్రిప్ట్‌లో మన దేశ భాషలు చాలావాటికి ఒకే అమరిక. మరాఠీ క ఏ మీట మీద ఉందో తెలుగు క కూడా అక్కడే. పొట్టి ఎ, ఒ మీటలు మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. మరాఠీ వేళ్ళతో తెలుగు టైపు చేస్తూ తెర మీద పడే అక్షరాన్ని చూడడం కూడా లిపి నేర్చుకునే పద్ధతే.

*నిఘంటువు.* సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసుకి ఉద్యోగానికి వచ్చి, అక్కడే తెలుగు మొదలుపెట్టి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేశాడు. అది ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. మనకు తెలియని మాట అనుకున్నది చాలాసార్లు తెలిసిన మాటే అయి ఉంటుంది, కన్ను గుర్తుపట్టలేదంతే. అందుకే నిఘంటువు తీసే ముందు రెండుసార్లు పైకి చదవండి. చెవి పట్టుకుంటే నిఘంటువు అక్కర్లేదు.

మనిషి కన్నా మంచి సాధనం లేదు

గిడుగు రామమూర్తి గారి పేరు మనం ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం రోజు వింటాం. ఆయన సవర భాష నేర్చుకున్న తీరు కూడా తెలుసుకోవాలి. పర్లాకిమిడిలో ఆయన కాలానికి సవర నేర్పే పుస్తకం లేదు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు. చివరికి ఆ భాష గురించి ఆయన రాసిన పుస్తకమే 1931లో అచ్చయింది. సాధనం లేదని ఆగిపోకుండా మనిషినే సాధనం చేసుకున్నారు.

మా ఇంట్లో ఆ మనిషి నాయనమ్మ. ఆమెకు అక్షరం రాదు, నాకు చెవి తక్కువ. మధ్యాహ్నం చేట ముందు పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. నేను పక్కన కూర్చుని కథ పైకి చదువుతాను. మాట చివర మింగినా, మేడను మెడ చేసినా చెయ్యి ఆపకుండానే “ఏందే అది, మల్ల సదువు” అంటుంది. తప్పు ఎక్కడుందో ఆమె చెప్పలేదు, ఉందని మాత్రం చెప్పగలదు. అంతే చాలు. వెతుక్కునే పని మనది. మీ ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళకి చదువు లేకపోయినా సరే, వాళ్ళే మీ మాస్టారు. మా వాడలో ఒకటే ఇబ్బంది. పగలంతా పవర్‌లూమ్‌ల చప్పుడు, ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా ఏమీ వినపడదు. అందుకే వినే పని అంతా మగ్గాలు ఆగిన తర్వాత పెట్టుకోవాలి. ఆకాశవాణి తెలుగు వార్తలు పది నిమిషాలు అప్పుడు వింటే చాలు.

ఇంటి తెలుగు, పేపరు తెలుగు

అక్షరాలు వచ్చాక పేపరు తీస్తే ఇంకో గోడ ఎదురవుతుంది. మనం వచ్చిండు అంటాం, పేపరు వచ్చాడు అంటుంది. మనం ఇంట్ల అంటాం, అది ఇంట్లో అంటుంది. గిలాసను గ్లాసు, ఎట్లను ఎలా. పైగా మన మాటల్లో మరాఠీ ఎక్కడ కలిసిందో మనకే తెలియదు. దీనికి నోటుబుక్కులో మూడు వరసలు గీసుకోండి: ఇంటి మాట, పేపరు మాట, మరాఠీ మాట. రోజుకు ఐదు. ఇంటి మాటను కొట్టేసి పేపరు మాట రాసుకోవడం కాదు, రెండూ ఉండాలి. మన యాసలో రాసిన పుస్తకాలు ముందు చదవడం ఇంకో సులువు. కాళోజీ ఇంట్లో మరాఠీ, కన్నడ సంబంధాలున్నాయి, ఆయనకు చాలా భాషలు వచ్చు. అయినా తెలంగాణ పలుకుబడిలో రాశారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. అట్లాంటి రాత చదువుతుంటే మన ఇంటి మాట అచ్చులో కనిపిస్తుంది, కాళ్ళు నేలను తాకినట్టు ఉంటుంది.

చివరి మెట్టు: చేతిరాత

అచ్చు వచ్చినంత మాత్రాన ఉత్తరాలు రావు. పాత చేతిరాతలో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని పోతాయి. మనకు బళ్ళో చెప్పని గుర్తులు కూడా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది వలపలగిలక. కర్మ, ధర్మ లాంటి మాటల్లో ర్ ని ముందు రాయకుండా, తర్వాతి అక్షరం పక్కన కుడివైపు ఒక చిన్న గిలక పెడతారు. మరాఠీలో అదే ర్ తర్వాతి అక్షరం నెత్తిన ఎక్కుతుంది కదా, మనం రఫార్ అంటాం. అది తలపైన, ఇది పక్కన, అంతే తేడా. మరాఠీ చదివినవాళ్ళకి ఇది నిమిషంలో అర్థమవుతుంది.

చేతిరాతకి తాళంచెవి ఉత్తరం మొదట్లోనే ఉంటుంది. పాత ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకేలా మొదలవుతాయి: ఉభయకుశలోపరి, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు. ఏం రాసి ఉంటుందో ముందే తెలుసు కాబట్టి ఆయన క ఎట్లా రాస్తాడు, మ ఎట్లా తిప్పుతాడు, క్ష ఎక్కడ కలుపుతాడు అన్నది ఆ రెండు వాక్యాల నుంచి తీసి ఒక కాగితం మీద వరసగా రాసుకోవచ్చు. తర్వాత మనుషుల పేర్లు, ఊరి పేర్లు, పండుగల పేర్లు వెతకాలి. అవి పెద్దవాళ్ళు చెప్పగలరు. 23 ఉత్తరాల మొదటి వరసలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన రాతలో అక్షరమాల దాదాపు మొత్తం దొరికింది.

ఇప్పటికి 14 చదవగలిగాను. వాటిలో ఒకదాన్లో తమ్ముడు, ఈసారి బతుకమ్మకు తప్పకుండా రా అక్కా, అమ్మ నిన్ను తలుచుకుంటుంది అని రాశాడు. నేను చదివి తలెత్తేసరికి నాయనమ్మ చేట పక్కకు పెట్టింది. “అవ్. పిలిచిండు. పనుండె, నేనే పోలే. మల్లొకసారి సదువు బిడ్డా” అంది. మళ్ళీ చదివాను. ఈసారి ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు.

ఎంత కాలం, ఏ వరసలో

రోజుకు 30 నిమిషాలు పెట్టగలిగితే నా లెక్క ఇది. మొదటి నాలుగు వారాలు అక్షరాలు, గుణింతాలు, అట్ట ముక్కలతో. ఐదు, ఆరు వారాలు వత్తులు, బోర్డులు, పెళ్లిపత్రికలు. ఆ తర్వాత రెండు నెలలు జంట కథలు, పైకి చదవడం, మూడు వరసల నోటుబుక్కు. ఆ తర్వాత పేపరు. చేతిరాత చివర. ఏ సాధనమైనా రెండు వారాలు వాడి, ఈ ప్రశ్న వేసుకోండి: దీని వల్ల నిన్న చదవలేని దేన్ని ఇవాళ చదవగలిగాను? జవాబు లేకపోతే దాన్ని మార్చండి, ఎంత పేరున్న యాప్ అయినా సరే. ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళు చదవలేని అన్నచోట వినలేని అని పెట్టుకోండి. లెక్క మారదు.

చివరిగా ఒక మాట. మీ ఇంట్లో తెలుగులో రాసిన కాగితం ఏదైనా ఉంటే, ఉత్తరమో లెక్కల పద్దో పాటల పుస్తకమో, ఈ రోజే ఫోటో తీసి పెట్టండి. పాత కాగితం మడత దగ్గర ముందు చిరుగుతుంది. చదవడం నేర్చుకోవడానికి ఆరు నెలలు పడితే పట్టనివ్వండి, కాగితం మాత్రం అంతదాకా ఆగదు. చదివేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే శనివారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు గదికి పట్టుకురండి. కలిసి చూద్దాం.